పులిచారల వెనుక మొక్కు

అక్టోబరు 31 వచ్చిందంటే టోక్యోలోని షిబుయా కూడలి దెయ్యాల, మంత్రగత్తెల వేషాలతో నిండిపోయే దృశ్యాలు మొన్నమొన్నటి దాకా మన ఫోన్లలోకి వచ్చేసేవి. హైదరాబాదు అపార్టుమెంట్లలోనూ పిల్లలకు నల్ల అంగీలు, గుమ్మడికాయ ముఖాలు కొంటున్నారు. వేషం కట్టి వీధిలో తిరగడం పడమటి నుంచి వచ్చిన సరదా అనుకునే తరం తయారవుతోంది. పీర్ల పండుగకు తప్పెట మోగితే వీధిలోకి పరుగెత్తిన తాడిపత్రి సీమవాళ్లం ఆ మాట ఒప్పుకోలేం.

హాలోవీన్ కూడా పుట్టుకతో సరదా కాదు. పంట ముగిసి చలికాలం మొదలయ్యే వేళ ఐర్లండులో జరుపుకున్న సావిన్ పండుగ దానికి మూలం. ఆ రాత్రి చనిపోయినవాళ్లు తిరిగి వస్తారని నమ్మేవారు. 1840ల బంగాళాదుంప కరువు ఐరిష్ కుటుంబాలను అమెరికాకు తరిమింది. పండుగా వాళ్లతో పాటే ఓడ ఎక్కింది. కరువుకు ఊరు విడిచే బాధ అనంతపురం మనుషులకు వేరే చెప్పాలా? అమెరికాలో అది పిల్లల వేడుకగా మారింది, ఆసియా నగరాలకు చేరేసరికి యువత సంబరమైంది. 2022 అక్టోబరు 29 రాత్రి సియోల్‌లోని ఇటేవాన్‌లో ఇరుకు సందులో తొక్కిసలాట జరిగి 159 మంది ప్రాణాలు పోయాయి. ఆ గుంపును నడిపించే నిర్వాహకులంటూ ఎవరూ లేరు.

మన సీమలో వేషం ఒకప్పుడు ఫిర్యాదుగా నిలిచింది. సిద్ధవటం సీమను ఏలిన సమ్మెట గురవరాజు పన్నుల కోసం ఆడవాళ్లను హింసించేవాడట. 16వ శతాబ్ది ఆరంభంలో కూచిపూడి భాగవతులు విజయనగరంలో వీరనరసింహరాయల ముందు ఆ హింసనే వేషం కట్టి ఆడి చూపారనీ, రాయలు సేనను పంపి గురవరాజును శిక్షించాడనీ మాచుపల్లి ఊరి చరిత్ర అయిన కైఫీయతు చెబుతుంది. అర్జీ చేయలేని పనిని వేషం చేసింది.

ఇక పీర్ల పండుగ సంగతికొస్తే, ఆ శతాబ్దం చివరికి హైదరాబాదులో మహమ్మద్ కులీ కుతుబ్‌షా పీర్లను నిలిపే బాదుషాహీ ఆషూర్‌ఖానా కట్టించాడు. క్రీ.శ. 680లో కర్బలాలో అమరుడైన ఇమాం హుస్సేన్‌ను తలచుకునే మొహర్రానికి, అంటే మన పీర్ల పండుగకు, గోల్కొండ దర్బారు పెద్దపీట వేసింది. 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా గండికోటను పట్టుకున్నాడు. తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుడికీ, చింతల వెంకటరమణుడికీ గుడులు కట్టించిన పెమ్మసాని నాయకులదే ఆ కోట. అలా పెన్నా తీరం గోల్కొండ ఏలుబడిలోకి వచ్చింది. 1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి దత్తం చేశాడు. ఏలికలు మారినా ఊరి మధ్య పీర్ల చావిడి నిలిచింది.

1832లో లండన్‌లో అచ్చయిన ‘ఖానూనె ఇస్లాం’ రాసిన జాఫర్ షరీఫ్ దక్కను మనిషి. మొహర్రం రోజుల్లో మొక్కుకుని ఫకీర్లయ్యేవాళ్లు కట్టే వేషాలను ఆయన ఒక్కొక్కటిగా వర్ణించాడు. వాటిలో మజ్నూ ఉన్నాడు, మన పులీ ఉంది.

ఈ వేషం వెనుకున్న భక్తిని చూడాలంటే నార్పల మండలం గూగూడుకు వెళ్లాలి. అక్కడి పీరు కుళ్ళాయిస్వామి. కుళ్ళాయి అంటే టోపీ. ఆయన చావిడి పక్కనే ఆంజనేయుడి గుడి. చిన్న సరిగెత్తు, పెద్ద సరిగెత్తు, జలధి అంటూ పండుగ రోజులను తెలుగు నోటితోనే లెక్కపెడతారు. హిందువులూ ముస్లిములూ ఫకీరు దీక్ష పడతారు, చక్కెర చదివిస్తారు, అగ్నిగుండం తొక్కుతారు. 2013లో అఫ్సర్ మహమ్మద్ ఈ పండుగ మీద ఇంగ్లీషులో ఒక పూర్తి గ్రంథమే రాశారు.

పులి వేషాన్ని దగ్గర నుంచి చూడండి. ఒళ్లంతా పసుపు రంగు, దాని మీద కుంచెతో నల్లచారలు. అవి ఆరేదాకా చేతులు ఎడంగా పెట్టి నిలబడాలి. నడుముకు తాడు, వెనుక తోక. తప్పెట ఊపందుకోగానే పులి ఎగిరి దూకుతుంది. తల్లి చంకలోని పిల్లాడు జడుసుకుంటే ఆ పులే దగ్గరికొచ్చి తల నిమురుతుంది. పండుగ అయ్యాక ఆ రంగు వదిలించుకోవడానికి కిరసనాయిలుతో తోముకుంటే చర్మం మండిపోతుంది. బిడ్డ జబ్బు తగ్గితే పులినై ఆడతానని పీరుకు మాట ఇచ్చిన తండ్రికి ఆ మంట ఒక లెక్క కాదు.

భాగవతుల నాటి నుంచి నేటి వరకు మన వీధిలో వేషానికి ఒక కారణం ఉంది. పులి వేషానికైతే ఒక చావిడి ఉంది, ముందు నడిచే పీర్ల పూజారి ముజావరు ఉన్నాడు. హాలోవీన్‌ను పిల్లలకు వద్దనక్కర్లేదు. మన వీధి వేషం మాత్రం వాళ్లకు తెలియకుండా పోకూడదు. వచ్చే మొహర్రానికి మీ బిడ్డను చేయి పట్టుకుని పీర్ల చావిడికి తీసుకెళ్లండి. ఆడి అలసిన పులికి ఆ చిన్న చేతులతోనే చెంబెడు పానకం ఇప్పించండి.