కరాచీ బేకరీ: ఆ పేరు మన హైదరాబాద్‌కి ఎలా వచ్చింది?

హైదరాబాద్ నుంచి ఊరెళ్లేవాళ్ల బ్యాగులో తరచుగా కనిపించే డబ్బా ఒకటుంది. కరాచీ బేకరీ ఫ్రూట్ బిస్కెట్లు. తినడం సరే, ఆ పేరు గురించి ఎప్పుడైనా ఆలోచించారా? పాకిస్తాన్‌లో ఉన్న ఊరి పేరు మన మొజంజాహీ మార్కెట్ దాకా ఎలా వచ్చింది? ఇవాళ అదే మాట్లాడుకుందాం.

1947 దేశ విభజనలో పంజాబ్, బెంగాల్ రెండు ముక్కలయ్యాయి. సగం అటు, సగం ఇటు. సింధ్ మాత్రం మొత్తంగా పాకిస్తాన్‌కే వెళ్లిపోయింది. అంటే ఇటు వచ్చేసిన సింధీ హిందువులకి ‘ఇది మా ప్రాంతం’ అని చెప్పుకోడానికి జానెడు నేల కూడా మిగల్లేదు. సింధ్‌లో పెద్ద పట్నం, ఓడరేవు కరాచీ. అదే పాకిస్తాన్ మొదటి రాజధాని అయింది. వీళ్లేమో బతుకుతెరువు దొరికిన చోటికల్లా చెదిరిపోయారు.

అలా వచ్చిన ఖాన్‌చంద్ రామ్నాని 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర బేకరీ తెరిచారు. దానికి కరాచీ అని పేరు పెట్టారు. ఇంకో చిత్రం చూడండి, సింధ్‌లో కూడా ఒక హైదరాబాద్ ఉంది!

ఆయన వచ్చింది ఎలాంటి ఊరికి? ఇరాన్ నుంచి వచ్చినవాళ్లు కేఫ్‌లు పెట్టి, జనానికి చాయ్ అలవాటు చేసిన ఊరికి. ఉస్మానియా బిస్కెట్‌కి పేరు వచ్చింది నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ నుంచి. మొజంజాహీ మార్కెట్‌కి ఆయన రెండో కొడుకు పేరు. ఇలా పేర్లన్నీ కలిసిపోయిన చోట కరాచీ కూడా కలిసిపోయింది. ఆ బేకరీకి పేరు తెచ్చింది ఫ్రూట్ బిస్కెట్. అన్నట్టు, అందులో ఎర్రగా, పచ్చగా కనిపించే టూటీఫ్రూటీ మన దేశంలో ఎక్కువగా దేంతో చేస్తారో తెలుసా? పచ్చి బొప్పాయితో! ముక్కలు కోసి, రంగు వేసి, చక్కెర పాకంలో ఊరబెడతారు.

ఇక అసలు విషయానికొద్దాం. 2019లో పుల్వామా దాడి తర్వాత కొందరు బెంగళూరు బ్రాంచికి వెళ్లి గొడవ చేస్తే, బోర్డు మీద ‘కరాచీ’ అన్న మాటని కప్పేయాల్సి వచ్చింది. 2025 మేలో మళ్లీ గొడవే. ఈసారి మన శంషాబాద్‌లో. మేం భారతీయులమే అని యజమానులు చెప్పుకోవాల్సి వచ్చింది.

ఒక్కసారి ఆలోచించండి. అమెరికాలో మనవాళ్లు హోటల్ పెడితే గోదావరి అనో, హైదరాబాద్ అనో పేరు పెట్టుకుంటారు. వాళ్లకి కావాలంటే టికెట్ కొనుక్కుని ఆ ఊరికి రావచ్చు. విభజనలో వచ్చేసినవాళ్లకి ఆ దారి మూసుకుపోయింది. దేశం విడిపోయినప్పుడు భారతదేశాన్ని ఎంచుకుని వచ్చిన మనుషులు తమతో తెచ్చుకున్న జ్ఞాపకం ఆ పేరు. దాన్ని శత్రువు జెండాలా చూస్తే, నష్టపోయినవాళ్లనే మళ్లీ శిక్షించినట్టు కాదా?

మీ వీధిలో ఉన్న బేకరీ పేరు వెనక ఏ కథ ఉందో ఈసారి పఫ్ తినడానికి వెళ్లినప్పుడు అడగండి. తెలిస్తే కామెంట్లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!