కాసినో కాలింది, పాట మిగిలింది: డీప్ పర్పుల్ 'మెషీన్ హెడ్' కథ

గూడూరు నుంచి మాట్లాడుతున్నా. బయట నిమ్మకాయల లారీలు హారన్లు కొడుతుంటే వినిపిస్తుంది, కొంచెం అడ్జస్ట్ అవ్వండి.

మా బీటెక్ హాస్టల్లో ఒకడు సెకండ్ హ్యాండ్ గిటార్ తెచ్చాడు. ఆరు తీగల్లో మూడు తెగిపోయి ఉన్నాయి. మంచం మీద కూర్చుని మిగిలిన మూడింటి మీద ఒక ముక్క వాయించాడు. డం, డం, డం... డం, డం, డ-డం. మీరు కూడా ఎక్కడో ఒక చోట వినే ఉంటారు. రీల్స్‌లో అయినా, కాలేజీ ఫెస్ట్‌లో సౌండ్ చెక్ అప్పుడైనా. గిటార్ చేతికొచ్చిన ప్రతివాడూ మొదట ట్రై చేసేది అదే.

అది 'స్మోక్ ఆన్ ది వాటర్' అనే పాటలో ముక్క. డీప్ పర్పుల్ అనే ఇంగ్లీషు బ్యాండ్ 1972లో రిలీజ్ చేసిన 'మెషీన్ హెడ్' ఆల్బంలోది. హార్డ్ రాక్ అంటే ఏంటో చూపించమంటే చాలామంది చూపించే ఆల్బం అది. కానీ చేసిన వాళ్లకే ఆ పాట మీద పెద్ద ఆశ లేదు. ఆల్బంలో కొన్ని నిమిషాలు తక్కువైతే, ఆ ఖాళీ నింపడానికి పెట్టిన పాట.

ఈరోజు ఆ కథ చెప్తా. దీనికీ మన గూడూరుకీ ఏం సంబంధం అంటారేమో, చివర్లో అదీ చెప్తా.

ముందు హార్డ్ రాక్ అంటే ఏంటో ఒక్క నిమిషం. గిటార్ సౌండ్‌ని యాంప్లిఫయర్‌లో పట్టనంతగా పెంచితే అది గరగరమని చిట్లిపోతుంది. మామూలుగా అయితే అది తప్పు, సౌండ్ ఇంజనీర్ తిడతాడు. వీళ్లు ఆ తప్పునే కావాలని వాడుకున్నారు. డీప్ పర్పుల్‌లో అయితే గిటార్ ఒక్కటే కాదు, జాన్ లార్డ్ తన ఆర్గన్‌ని కూడా గిటార్ యాంప్లిఫయర్‌కి కలిపేసి గర్జించేట్టు చేశాడు. గిటార్ రిచీ బ్లాక్‌మోర్, పాట ఇయాన్ గిలన్, బేస్ రోజర్ గ్లోవర్, డ్రమ్స్ ఇయాన్ పేస్. మొత్తం ఐదుగురు.

1971 చివరికి వీళ్లకి ఒక సమస్య ఉంది. స్టేజీ మీద అదరగొడతారు గానీ, అదే పాట స్టూడియోలో రికార్డ్ చేస్తే ఆ ఊపు రాదు. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఇది బాగా తెలిసిన బాధే. మన మెషీన్‌లో బ్రహ్మాండంగా రన్ అవుతుంది, సర్వర్ మీద పెడితే చతికిలపడుతుంది. అందుకని వీళ్లొక ప్లాన్ వేశారు. స్టూడియో వద్దు, ఒక నిజమైన హాల్లో, స్టేజీ మీద వాయించినట్టే ఐదుగురూ కలిసి వాయిద్దాం, జనం మాత్రం ఉండరు.

దానికి స్విట్జర్లాండ్‌లో జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న మాంట్రూ అనే ఊరు ఎంచుకున్నారు. అక్కడి కాసినోలో పెద్ద హాలుంది. చలికాలం కాబట్టి మూసేస్తారు, అప్పుడు హాలంతా వీళ్లదే. రికార్డింగ్ సామానేమో రోలింగ్ స్టోన్స్ బ్యాండ్ వాళ్ల దగ్గర అద్దెకి తీసుకున్నారు. అది ఒక లారీ. లోపల మొత్తం స్టూడియోనే. లారీ బయట ఆపి, కేబుళ్లు హాల్లోకి లాగితే చాలు. మార్టిన్ బర్చ్ అనే సౌండ్ ఇంజనీర్ లారీలో కూర్చుంటాడు.

అంతా రెడీ. మూసేముందు కాసినోలో ఒక్క షో మిగిలుంది. 1971 డిసెంబర్ 4, అమెరికన్ సంగీతకారుడు ఫ్రాంక్ జాపా కచేరీ. మన వాళ్లు కూడా చూడ్డానికి వెళ్లారు.

షో మధ్యలో, జనంలో ఉన్న ఒకడు ఫ్లేర్ గన్ పైకి పేల్చాడు. పడవల వాళ్లు సముద్రంలో సాయం కోసం సిగ్నల్ ఇవ్వడానికి పేలుస్తారు చూడండి, అలాంటిది. సీలింగ్ అంతా పేముతో అల్లిన అలంకరణ. అది అంటుకుంది. జాపా పాట ఆపి, జనాన్ని కంగారు పడకుండా బయటికి పొమ్మన్నాడు. ఆ ఊళ్లో కచేరీలు ఏర్పాటు చేసే క్లాడ్ నాబ్స్ లోపల ఇరుక్కున్న కుర్రాళ్లని బయటికి లాగాడు. కొందరికి దెబ్బలు తగిలాయి, ప్రాణాలు మాత్రం ఎవరివీ పోలేదు. కాసినో మొత్తం కాలిపోయింది. జాపా బ్యాండ్ సామానంతా బూడిదైపోయింది.

డీప్ పర్పుల్ వాళ్లు దగ్గర్లోని హోటల్ నుంచి చూస్తూ కూర్చున్నారు. కొండల మీద నుంచి వీచే గాలికి పొగంతా సరస్సు నీళ్ల మీద పరుచుకుంటోంది. తర్వాత కొన్ని రోజులకి గ్లోవర్ పొద్దున్నే నిద్ర లేస్తూ మూడు నాలుగు మాటలు గొణిగాడట. నీళ్ల మీద పొగ. గిలన్‌కి చెబితే, ఇదేదో మత్తుమందుల పాటలా ఉంది, వద్దులే అన్నట్టు పక్కన పెట్టేశారు.

ఇప్పుడు వీళ్ల పరిస్థితి చూడండి. లారీ ఉంది, మనుషులు ఉన్నారు, పాటలు ఉన్నాయి, చోటు లేదు. పైగా లారీ అద్దె రోజు రోజుకీ ఎక్కుతూనే ఉంటుంది.

క్లాడ్ నాబ్స్ పెవిలియన్ అనే పాత థియేటర్ చూపించాడు. వెంటనే సామాను దించి, రాత్రి వాయించడం మొదలుపెట్టారు. బ్లాక్‌మోర్ దగ్గర ఒక గిటార్ ముక్క ఉంది. అదే, మన డం డం డం. దానికి అప్పటికి మాటలూ లేవు, పేరూ లేదు. హార్డ్ రాక్ సౌండ్ అర్ధరాత్రి ఊరి మధ్యలో ఎలా ఉంటుందో ఊహించుకోండి. చుట్టుపక్కల వాళ్లు పోలీసులకి కంప్లైంట్ ఇచ్చారు. పోలీసులొచ్చి తలుపు కొడుతుంటే, బ్యాండ్‌తో వచ్చిన సామాను మోసే కుర్రాళ్లు లోపలి నుంచి తలుపులు అదిమిపట్టుకున్నారు. టేక్ పూర్తయ్యేదాకా వదల్లేదు. తర్వాత ఆ థియేటర్ నుంచీ గెంటేశారు. చేతిలో మిగిలింది ఒక్క ట్యూన్.

మళ్లీ వెతుకులాట. చివరికి గ్రాండ్ హోటల్ అని, చలికాలానికి మూసేసిన ఒక ఖాళీ హోటల్ దొరికింది. హీటింగ్ ఆపేశారు, లోపల గడ్డకట్టే చలి. వీళ్లు పెద్ద పెద్ద హీటర్లు పెట్టించారు. హోటల్ గదుల్లోని పరుపులు తెచ్చి, సౌండ్ బయటికి పోకుండా కారిడార్ గోడలకి ఆనించారు. ఆ కారిడార్ చివర ఐదుగురూ కూర్చుని వాయించారు.

వాయించింది వినాలంటే లారీ దగ్గరికి వెళ్లాలి. లారీకి వెళ్లాలంటే గదుల్లోంచి, బాల్కనీల మీదుగా, మంచులో తిరిగి తిరిగి పోవాలి. రెండు మూడు సార్లు వెళ్లి విసుగొచ్చి మానేశారు. బాగా వచ్చిందనిపిస్తే చాలు, నెక్స్ట్. ఆల్బం వింటే ఆ తేడా తెలుస్తుంది. తుడిచి తుడిచి మెరుగుపెట్టినట్టు ఉండదు. మీ ఎదురుగా కూర్చుని వాయిస్తున్నట్టు ఉంటుంది. వాళ్లు స్టూడియో వదిలేసి వచ్చింది దానికోసమే కదా.

డిసెంబర్ 6న మొదలుపెట్టి 21కి ముగించారు. రెండు వారాల పైచిలుకు, అంతే. చివర్లో లెక్క చూసుకుంటే ఎల్పీ రికార్డు నిండడానికి కొన్ని నిమిషాలు తక్కువొచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది, పోలీసులు తలుపు కొట్టిన రాత్రి చేసిన ట్యూన్ ఒకటి పడుంది కదా అని. మాటలు కావాలి. ఏం రాయాలి? జరిగింది రాద్దాం అనుకున్నారు. కాసినో, ఫ్లేర్ గన్, జాపా, క్లాడ్, చల్లటి హోటల్, బయట లారీ, అన్నీ అందులో పెట్టేశారు. టైటిల్‌గా గ్లోవర్ నిద్రలో గొణిగిన మాటలు. ఒక రకంగా ఆ పాట ఆ ఆల్బం మేకింగ్ వీడియోనే, కెమెరా లేదంతే.

1972 మార్చిలో ఆల్బం వచ్చింది. మొత్తం ఏడు పాటలు. మెషీన్ హెడ్ అంటే గిటార్ తల దగ్గర తీగ బిగించే మర. బ్రిటన్‌లో ఆల్బం నంబర్ 1కి వెళ్లింది. కానీ హిట్ అవుతుందని నమ్మి సింగిల్‌గా రిలీజ్ చేసింది 'నెవర్ బిఫోర్' అనే పాటని. అది పెద్దగా ఆడలేదు. ఇవాళ దాని పేరు బ్యాండ్ అభిమానులకి తప్ప ఎవరికీ గుర్తు లేదు.

1972 ఆగస్టులో జపాన్ వెళ్లి కచేరీలు చేశారు, ఆ లైవ్ రికార్డు 'మేడ్ ఇన్ జపాన్'గా వచ్చింది. స్టేజీ మీద ఆ ఖాళీ నింపిన పాటకి జనం ఊగిపోతున్నారు. చివరికి 1973లో, ఆల్బం వచ్చి ఏడాది దాటాక, అమెరికాలో దాన్ని సింగిల్‌గా వేశారు. బిల్‌బోర్డ్ చార్టులో నంబర్ 4 దాకా వెళ్లింది.

అంటే చూడండి. ఆ ట్యూన్ చేసిన బ్లాక్‌మోర్‌కి తెలీదు. మాటలు రాసిన వాళ్లకి తెలీదు. రికార్డు కంపెనీకి అసలు తెలీదు.

ఇక్కడ మన ఊరికి వద్దాం.

1960ల మొదట్లో గూడూరులో ఒక పాటల పోటీ జరిగింది. నెల్లూరు నుంచి ఒక స్టూడెంట్ వచ్చి పాడాడు. జడ్జీలు అతనికి రెండో బహుమతి ఇచ్చారు. ఆరోజు గెస్టుగా వచ్చింది ఎస్. జానకి గారు. మొదటి బహుమతి రావాల్సింది ఈ అబ్బాయికే అని ఆవిడ వేదిక మీదే చెప్పేశారు. సినిమాల్లో ట్రై చెయ్యమని ప్రోత్సహించారు. ఆ కుర్రాడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం. ఈ సంగతి ఆయనే చాలాసార్లు చెప్పుకున్నారు. ఆయన అనంతపురంలో ఇంజనీరింగ్‌లో చేరి, టైఫాయిడ్ రావడంతో ఆపేసి, తర్వాత మద్రాసులో ఏఎంఐఈలో చేరారు. 1966 డిసెంబర్ 15న కోదండపాణి గారి సంగీతంలో మొదటి సినిమా పాట పాడారు. తర్వాతది మీకు నేను చెప్పాలా?

ఆ రోజు జడ్జీలు చెడ్డవాళ్లని నేననను. ముందున్నది మాత్రమే వాళ్లు చూడగలిగారు. పాట ముందు ముందు ఎటు పోతుందో మార్కుల షీటులో రాసుండదు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఇందులో నా స్వార్థం కొంచెం ఉంది.

రెండేళ్ల కింద జాబ్ మానేసి గూడూరు వచ్చేశా. మొదటి ఆరు నెలలు ఒక సిరీస్ చేశా. ఒక్కో ఎపిసోడ్‌కి మూడు వారాలు. మంచి లైటింగ్, గ్రాఫిక్స్, అన్నీ. చూసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మా నాయన ఏమీ అనలేదు. ఆయన నిమ్మకాయల వ్యాపారం. కమిషన్ రాని రోజు కూడా పొద్దున్నే మార్కెట్‌కి పోయే మనిషి. ఒకరోజు అన్నం తింటూ, "ఏంరా, ఇంకెన్నాళ్లు?" అన్నాడు. అంతే. నా దగ్గర జవాబు లేదు.

ఆ వారం ఎపిసోడ్ ఇంకా రెడీ కాలేదు. కరెంటు పోయింది. ఏదో ఒకటి వెయ్యాలి కదా అని ఫోన్ లైట్ వెలుతురులో గూడూరు జంక్షన్ గురించి పది నిమిషాలు మాట్లాడి పెట్టేశా. మీలో చాలామంది నన్ను మొదట చూసింది ఆ వీడియోలోనే. చేసినప్పుడు నాకు సిగ్గేసింది, తీసేద్దామనుకున్నా కూడా.

దీన్నిబట్టి, ఏదోటి చేసి పడేస్తే చాలు అని అర్థం చేసుకోకండి. నేనూ కొన్నాళ్లు అలాగే అనుకుని చెత్త వీడియోలు చేశా, ఎవరూ చూడలేదు. మెషీన్ హెడ్‌లో ఖాళీ నింపిన పాట నిలబడిందంటే, దాని వెనక రెండు మూడేళ్లు రోజూ కలిసి వాయించిన ఐదుగురున్నారు. వాళ్ల చేతులు తయారై ఉన్నాయి. నా కరెంటు పోయిన రాత్రి మాటలు తడబడకుండా వచ్చాయంటే, ఎవరూ చూడని ఆ ఆరు నెలల ఎపిసోడ్‌ల వల్లే.

ఇంకోటి. ఆ మంట వల్లే మంచి పాట వచ్చింది, కాబట్టి కష్టాలు మంచివే అని కొందరు వీడియోలు చేస్తారు. నాకది నచ్చదు. జాపా బ్యాండ్‌కి ఆ మంట వల్ల పోయింది తప్ప వచ్చిందేం లేదు. అదీ చాలదన్నట్టు, ఆరు రోజులకే లండన్ షోలో ఒకడు ఆయన్ని స్టేజీ మీద నుంచి తోసేస్తే చాలా నెలలు మంచాన పడ్డాడు. ఒకే మంట, ఒకరికి పాట, ఇంకొకరికి బూడిద. మంటకి మంచీ చెడూ తెలీదు. మన చేతిలో ఉండేది లారీ వెనక్కి పంపకుండా ఇంకో చోటు వెతుక్కోవడం, అంతవరకే.

మా నాయన అడిగిన దానికి ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. ఇంకో ఏడాది అని చెప్పా. సరే అన్నాడు. మొన్న మార్కెట్‌లో ఎవరో ఆ జంక్షన్ వీడియో చూపించి మీ అబ్బాయేనా అంటే, "ఆ, మావాడే" అన్నాడట. నాకు చెప్పలేదు, అమ్మకి చెప్పాడు.

సరే, మీకో చిన్న పని. ఈ రాత్రి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మెషీన్ హెడ్ మొదటి పాట నుంచి వరుసగా వినండి. షఫుల్ ఆఫ్ చెయ్యండి. ఖాళీ హోటల్, పరుపులు, బయట మంచులో లారీ గుర్తు తెచ్చుకుంటూ వినండి. మీకు ఏ పాట నచ్చిందో కామెంట్‌లో చెప్పండి.

మా హాస్టల్ గిటార్ వాడు ఇప్పుడు బెంగళూరులో టెస్టింగ్ జాబ్‌లో ఉన్నాడు. ఈ ఎపిసోడ్ చేస్తున్నానని మెసేజ్ పెడితే, ఆ మూడు తీగలు ఇప్పటికీ వేయించలేదని రిప్లై ఇచ్చాడు. ఒరేయ్, వింటున్నావు కదా, ఈ ఆదివారం వేయించు.

ఉంటా మరి. వచ్చే వారం కలుద్దాం.