చెరసాలలో అంటువ్యాధి: బాగ్దాదు నుండి చంచల్‌గూడ దాకా

హైదరాబాదు పాతనగరంలోని చంచల్‌గూడ జైలు ఆసఫ్‌జాహీల కాలంలో, 1876లో నిర్మితమైంది. దాని గోడలు ఖైదీని ఆపగలవు గాని రోగాన్ని ఆపలేవు. కావలివారు, కొత్త ఖైదీలు, విడుదలైనవారు నిత్యం అదే ద్వారం గుండా వచ్చిపోతుంటారు. లోపల వ్యాపించిన క్షయ బయటి బస్తీకీ చేరగలదు.

అంటువ్యాధి సోకిన ఊరికి వెళ్ళరాదనీ, అది ఉన్న ఊరిని విడిచి పారిపోరాదనీ దైవప్రవక్త (స) బోధించారు. ఇది తన రాకపోకలు తన చేతిలో ఉన్నవానికి వర్తించే ఆదేశం. ఖైదీ అయితే రోగి పక్కనుండి నాలుగడుగులు కూడా జరగలేడు. కనుక అతని ఆరోగ్య బాధ్యత అతనిని బంధించినవారిదే అవుతుంది.

ఈ సంగతిని అబ్బాసీ మంత్రి అలీ ఇబ్నె ఈసా గ్రహించాడు. హిజ్రీ నాలుగో శతాబ్ది ఆరంభంలో, వ్యాధులు ప్రబలిన ఒక ఏడాది, ఆయన బాగ్దాదు వైద్య ప్రముఖుడు సినాన్ ఇబ్నె సాబిత్‌కు లేఖ రాశాడు. ఖైదీలు ఎక్కువమంది ఇరుకు చోట ఉన్నందున వ్యాధులు తప్పవనీ, వారు స్వయంగా వైద్యుణ్ణి వెతుక్కోలేరనీ అందులో పేర్కొన్నాడు. వైద్యులు ప్రతిదినం మందులతో, పానీయాలతో చెరసాలలన్నీ తిరగాలని ఆదేశించాడు. ఆ లేఖలోని ‘ముజవ్వరాత్’ అనే పదానికి మాంసం లేని పథ్యపు వంటకాలని అర్థం. అంటే రోగికి మందే కాదు, పథ్యం కూడా హక్కుగా ఏర్పడిందన్నమాట.

అంతకు శతాబ్దం ముందే ఇమామ్ అబూ యూసుఫ్ (మరణం 798) తన ‘కితాబుల్ ఖరాజ్’లో వ్యాధికన్నా ముందున్న కారణాన్ని పట్టుకున్నారు. ఖైదీల వ్యవహారాలను సకాలంలో విచారించకపోవడం వల్లనే చెరసాలలు నిండిపోతున్నాయని ఖలీఫా హారూన్ రషీద్‌కు విన్నవించారు. నేరం లేనివారిని వదిలేయాలనీ, ఉన్నవారికి ఆహారం, వేసవికీ చలికాలానికీ తగిన దుస్తులు ఇవ్వాలనీ కోరారు.

బ్రిటిషు ఇండియాలో వచ్చిన 1894 జైళ్ళ చట్టం, అంటువ్యాధి చెలరేగితే ఖైదీలకు తాత్కాలిక వసతి కల్పించాలని నిర్దేశించింది. కోవిడ్ వచ్చినప్పుడు, 2020 మార్చి 23న సుప్రీంకోర్టు ప్రతి రాష్ట్రంలో ఉన్నతాధికార సంఘం ఏర్పరచమన్నది. ఏడేళ్ళ వరకు శిక్ష పడగల కేసులలోని వారిని పెరోలు మీదనో, మధ్యంతర బెయిలు మీదనో విడుదల చేసే విషయం పరిశీలించమన్నది. రద్దీ తగ్గనిదే రోగం తగ్గదన్న అబూ యూసుఫ్ తర్కమే ఇక్కడ మరొక రూపంలో కనిపిస్తుంది.

2022 చివరి లెక్కల ప్రకారం భారత జైళ్ళలో నూటికి దాదాపు 76 మంది విచారణ ఖైదీలే. వారి నేరం ఇంకా రుజువు కాలేదు. రుజువైనవారికి సైతం న్యాయమూర్తి విధించినది కారాగారమే గాని క్షయ కాదు. తీర్పులో లేని శిక్షను ఖైదీ అనుభవిస్తే, ఆ అన్యాయానికి జవాబు చెప్పవలసినది అతనిని బంధించినవారే.