ఈస్ట్

ఆంగ్లభాషయందు సూర్యోదయదిక్కునకు వాచకమైన యీ పదము నామముగను, విశేషణముగను, క్రియావిశేషణముగను ప్రయోగింపబడును. దిక్సూచిపై ఉత్తరమునుండి సవ్యదిశగా 90 డిగ్రీల యొద్ద నిది నిలుచును. లాటిను ‘అరోరా’తోడను, ఋగ్వేదఋషులు స్తుతించిన ‘ఉషస్సు’తోడను ఈ శబ్దము ఏకమూలజన్యమని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించియుండుట మిక్కిలి హృద్యమైన విషయము. ప్రయోగమున నొక సూక్ష్మము గమనింపదగియున్నది: ‘ఈస్ట్ విండ్’ అనగా తూర్పునుండి వీచు గాలి, సముద్రప్రవాహమును గూర్చి చెప్పునపుడు మాత్రము నావికులు అది పోవు దిక్కునే పేర్కొందురు. పెద్ద అక్షరముతో వ్రాసినయెడల నిది ఆసియా దేశములను, రెండవ ప్రపంచయుద్ధానంతరము సోవియట్ కూటమిని సైతము సూచించుచు వచ్చెను. లండను నగరమందలి ‘ఈస్ట్ ఎండ్’ వంటి స్థలనామములందే గాక, 1600లో స్థాపితమైన ఈస్ట్ ఇండియా కంపెనీ నామమునందును ఇది కలదు.