నల్లా నీళ్ళకు చట్టం లేదు, క్యాన్‌కు సీల్ లేదు

కాసిపేట నుంచి మాట్లాడుతున్నా. ఇంట్లో, హోటల్‌లో, బాయి దగ్గర టీ కొట్టులో, ఎక్కడ చూసినా ఒకటే ప్రశ్న: నల్లా నీళ్ళు తాగొచ్చా, ప్లాంటు క్యాన్ తెచ్చుకోవాల్నా? దీనికి జవాబు చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి. ఎంత వెనక్కి అంటే 1937 దాకా.

అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ. నెల్లూరు జిల్లాలో, అంటే తర్వాత ప్రకాశం జిల్లాలోకి పోయిన పొదిలి, దర్శి వైపు, రైతుల ఎడ్లు కాళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోయేవి. మనుషులకూ అదే గతి, మెడ తిరగదు, నడుం వంగదు. షార్ట్ అనే డాక్టర్, ఆయన తోటివాళ్ళు పరీక్షలు చేసి 1937లో రాసిన్రు: బావి నీళ్ళల్లో ఉన్న ఫ్లోరైడే కారణమని. ఇండియాలో తాగునీటి ఫ్లోరోసిస్ రికార్డుకెక్కింది అట్లా, తెలుగు నేల మీద. ఎముకకు పట్టిన ఫ్లోరైడ్‌ను వెనక్కి తీసే మందు ఇప్పటికీ లేదు. అందుకే నీళ్ళ దగ్గరనే ఆపాలి.

ఆపడానికి వచ్చిన మొదటి పెద్ద పద్ధతికి మన ఊరి పేరే పెట్టిన్రు, నల్గొండ టెక్నిక్. నాగపూర్‌లోని నీరి సంస్థ 1960లలో పని మొదలుపెట్టి తయారు చేసింది. వినడానికి చాలా సింపుల్: నీళ్ళల్లో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ వేసి కలపాలి, మడ్డి కిందికి దిగేదాకా ఆగాలి, పైన తేరిన నీళ్ళు వడగట్టాలి. కరెంటు లేకుండా బకెట్‌లో కూడా చేయొచ్చు. నేను ఇంజనీర్‌ను కాబట్టి ఈ డిజైన్ చూసి చప్పట్లు కొట్టాలనిపిస్తది. కానీ ఇక్కడే చిక్కు. పటిక ఎంత వేయాలన్నది నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఎంత, క్షారం ఎంత అన్నదాన్ని బట్టి మారుతది. తక్కువ వేస్తే ఫ్లోరైడ్ మిగులుతది. లెక్క తప్పితే నీళ్ళల్లో అల్యూమినియం మిగులుతది. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 దానికి కూడా గీత గీసింది, లీటరుకు 0.2 మిల్లీగ్రాములు దాటొద్దు. అంటే ఒక రూల్ దాటకుండా చూడబోతే ఇంకో రూల్ దాటే ప్రమాదం. మరి ఊర్లో ఆ లెక్క రోజూ ఎవరు వేయాలి? మిగిలిన మడ్డి ఎక్కడ పారబోయాలి? కుర్రోడో, ముసలాయనో, ఎవరో ఒకరు పొద్దున్నే లేచి చేస్తేనే ఆ టెక్నిక్ పని చేస్తది. చాలా చోట్ల ఆ ఒక్క మనిషిని నిలబెట్టలేకనే అది ఆగిపోయింది.

జనం విసుగు ఎక్కడిదాకా వచ్చిందో 1996 లోక్‌సభ ఎన్నికల్లో దేశం చూసింది. జల సాధన సమితి పిలుపు మీద నల్గొండలో ఫ్లోరైడ్ బాధితులు, రైతులు కట్టలు కట్టలుగా నామినేషన్లు వేసిన్రు. 480 మంది అభ్యర్థులు! బ్యాలెట్ పేపర్ పుస్తకం అంత అయ్యేసరికి పోలింగ్ వాయిదా వేయాల్సొచ్చింది. అదే ఏడాది పార్లమెంట్ చట్టం మార్చి డిపాజిట్ 500 రూపాయల నుంచి 10,000కు పెంచింది. నీళ్ళు రావడానికి మాత్రం ఇంకా చాలా ఏండ్లు పట్టింది.

ఈ మధ్యల ఆర్‌ఓ ప్లాంట్లు వచ్చినయ్. ఆర్‌ఓ ఫ్లోరైడ్‌ను తీసేస్తది, నిజమే. కానీ వడగట్టగా మిగిలిన నీళ్ళు, ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడ్డవి, మోరీలోకే పోతయి. ఇంకోటి, మనోళ్ళు టీడీఎస్ మీటర్ ముంచి 50 చూపిస్తే ఆనందపడతరు. ఆ మీటర్ బ్యాక్టీరియాను చూపించదు, ఫ్లోరైడ్‌ను విడిగా చెప్పదు. సీల్ వేసి అమ్మే నీళ్ళకు 2001 నుంచి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేసిన్రు, 2024లో ఆ రూల్ ఎత్తేసి లైసెన్సు, తనిఖీలు ఆహార భద్రతా సంస్థకే వదిలిన్రు. మనం పట్టుకుపోయి నింపుకునే క్యాన్‌కు సీలే ఉండదు. అందుకే ఐఎస్ఐ రూల్ దాని దాకా రానే రాలేదు.

ఇక భగీరథ. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రారంభించిన్రు. భూగర్భ జలాన్ని వదిలి నది నీళ్ళు శుద్ధి చేసి పైపులో తేవడం, ఫ్లోరైడ్‌కు ఇదే సూటి మందు. కానీ ట్యాంకు నుంచి నల్లా దాకా ఉన్న చివరి దూరం పంచాయతీదే. ఇక్కడ మన బెల్ట్ సంగతి చెప్పాలి. సింగరేణి క్వార్టర్లలో నీళ్ళు చూసుకోవడానికి కంపెనీ ఉంది, సిబ్బంది ఉన్నరు. పక్క పల్లెలో ట్యాంకు చూసే మనిషే మోరీ తీస్తడు, వీధి దీపం వేస్తడు.

ఆయన పని లెక్క చూడండి. 60,000 లీటర్ల ట్యాంకుకు లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ అంటే 120 గ్రాములు. 33 శాతం బలం ఉన్న బ్లీచింగ్ అయితే దాదాపు 360 గ్రాములు సరిపోతది. మన ఎండలో మూట విప్పి పెడితే బలం పడిపోతది. 20 శాతానికి వస్తే 600 గ్రాములు కావాలి. పాత అలవాటుతో 360 వేస్తే చివరి ఇంటి నల్లా దగ్గర ఉండాల్సిన 0.2 మిల్లీగ్రాములు మిగలకపోవచ్చు. నీళ్ళు మాత్రం తేటగానే కనిపిస్తయి.

అసలు మెలిక ఇంకోటి. ఐఎస్ 10500 మొదట 1983లో వచ్చింది, 2012లో రెండోసారి సవరించిన్రు. కానీ పంచాయతీ, మున్సిపాలిటీ దాన్ని చట్టంగా పాటించాలని ఎక్కడా లేదు, అది ప్రమాణం మాత్రమే. అమెరికాలో 1974 చట్టం ప్రకారం 15 కనెక్షన్లు ఉన్నా, 25 మందికి ఇచ్చినా అది చట్టం కిందికి వస్తది, నీళ్ళు ఎట్లున్నయో జనానికి ఏటా రిపోర్టు ఇవ్వాలి. అక్కడ కూడా ఎక్కువ తప్పేది చిన్న ఊళ్ళ సిస్టమ్‌లే. ఆపరేటర్ ఒక్కడే, డబ్బు తక్కువ. కాకపోతే తప్పినట్టు జనానికి చెప్పాల్సి వస్తది.

మరి నల్లానా, క్యానా? నా లెక్కలో, క్లోరిన్ మిగిలి ఉన్న భగీరథ నల్లా నీళ్ళు, ఎవరూ పరీక్షించని క్యాన్ కన్నా నయం. ఆ "మిగిలి ఉన్న" అన్న మాటే ముఖ్యం. పంచాయతీలో క్లోరోస్కోప్ అనే చిన్న డబ్బా ఉంటది, గొట్టంలో నీళ్ళు పోసి చుక్కలు వేస్తే రంగు మారుతది. ట్యాంకు దగ్గర కాదు, మీ వాడకట్టులో ఆఖరి నల్లా దగ్గర వేయమని అడగండి. ఏం రంగు వచ్చిందో, తేదీతో సహా, కామెంట్‌లో పెట్టండి.