కుర్చీ లేని ఇరవై ఏళ్లు

వైఎస్ రాజశేఖరరెడ్డి ఏ ఎన్నికలోనూ ఓడిపోలేదు. 1978 నుంచి 2009 దాకా పులివెందుల నుంచి ఆరుసార్లు శాసనసభకు, కడప నుంచి నాలుగుసార్లు లోక్‌సభకు గెలిచారు. అయితే 1983లో మంత్రి పదవి పోయాక మళ్లీ ప్రభుత్వంలో అడుగుపెట్టింది 2004లోనే. కోట్ల విజయభాస్కరరెడ్డి రెండోసారి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు కూడా ఆయన ఎంపీగానే ఉండిపోయారు. 1996లో ఆ ఎంపీ సీటు సైతం ఐదు వేల పైచిలుకు ఓట్లతో గట్టెక్కింది.

నా దృష్టిలో ఆయన్ని నాయకుడిగా తయారుచేసింది ఆ కాలమే.

కమలాపురం అప్పుడు ఆయన లోక్‌సభ నియోజకవర్గంలోని ఊరు. పాపఘ్ని వచ్చి పెన్నలో కలిసేది ఇక్కడికి దగ్గర్లోనే. రెండు నదులుండీ వానాకాలం దాటితే ఇసుకే మిగిలే నేల ఇది. ఇక్కడ ఎవరు ఓటు అడిగినా ముందు నీళ్ల మాట చెప్పాల్సిందే. 1986లో రాయలసీమ నాయకులు తమ ప్రాంతానికి నీళ్లు కావాలంటూ లేపాక్షి నుంచి పోతిరెడ్డిపాడు దాకా నడిచారు. శ్రీశైలం జలాశయం నుంచి కృష్ణా నీళ్లు సీమకు మళ్లే చోటు అది. ఆ నడకలో వైఎస్ ఉన్నారు, కమలాపురం ఎమ్మెల్యేగా పనిచేసిన మైసూరారెడ్డీ ఉన్నారు. తర్వాత ఇద్దరి దారులూ వేరయ్యాయి.

2003లో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా సాగిన పాదయాత్ర గురించి చాలామంది రాశారు. నాకు మాత్రం 1986 నడకే ముఖ్యం. అప్పుడు అడిగినదాన్ని 2005లో ముఖ్యమంత్రిగా తానే చేశారు. పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ సామర్థ్యాన్ని సుమారు 11 వేల నుంచి 44 వేల క్యూసెక్కులకు పెంచుతూ ఉత్తర్వు వచ్చింది. తెలంగాణలో దానిపై తీవ్ర వ్యతిరేకత లేచింది. ఆ వాదం నేటికీ నడుస్తోంది.

ఆయన ప్రభుత్వం చేపట్టిన సాగునీటి కార్యక్రమం జలయజ్ఞంలో లోపాలు లేవని చెప్పను. పనులు అప్పగించిన తీరును 2012లో కాగ్ గట్టిగానే తప్పుపట్టింది. భూసేకరణ, అనుమతులు తేలకుండానే కాంట్రాక్టులు ఇచ్చారు. అయినా గాలేరు-నగరి పథకానికి ఊపు వచ్చింది అప్పుడే. 26.85 టీఎంసీల గండికోట, దాని దిగువన కమలాపురం నియోజకవర్గంలోని వీరపునాయునిపల్లె వద్ద సర్వరాయసాగర్ ఆ పథకంలోవే.

2009 సెప్టెంబర్ 2న పావురాలగుట్ట వద్ద హెలికాప్టర్ కూలి ఆయన చనిపోయారు. జలాశయాలు కట్టినా చేలకు నీళ్లు పారించే పిల్లకాలువల పని ఏళ్ల తరబడి నత్తనడకన సాగింది. ఏ పార్టీ ప్రభుత్వం ఉన్నా, కమలాపురం రైతు అడిగేది ఒక్కటే. ముందు ఆ పిల్లకాలువలు పూర్తి చేయండి.