మోటుపల్లి: రేవు, ఇసుక, దొరువు

పటంలో మోటుపల్లి చీరాలకు దక్షిణాన, చినగంజాం మండలంలో, సముద్రాన్ని ఆనుకున్న చిన్న చుక్క. నా చిన్నప్పుడు ఈ ప్రాంతం గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లాలోకి వెళ్లింది, తరవాత దానికే ప్రకాశం అని పేరు పెట్టారు. 2022 నుంచి బాపట్ల జిల్లా అంటున్నాం. జిల్లాలు మారినా నేల మారలేదు. ఉప్పు మళ్లు, పాత పడవల కాలవ, సరుగుడు తోటలు, ఇసుక దిబ్బలు. మాది ఆ పక్క ఇసుక పల్లెల్లోనే ఒకటి.

ఇప్పుడు ఒడ్డున నిలబడి చూస్తే ఇక్కడ ఓడరేవు ఉండేదంటే నమ్మబుద్ధి కాదు. బందరుకున్నట్టు నది పాయ లేదు, విశాఖకున్నట్టు గాలికి అడ్డం నిలిచే కొండ లేదు. అంతా తిన్నగా సాగిపోయే ఇసుక తీరం. ఇలాంటి చోటికి అరేబియా నుంచి, చీనా నుంచి సరుకు ఎందుకొచ్చిందని నేను చాలా ఏళ్లు ఆలోచించాను. నాకు దొరికిన జవాబు వీరభద్రస్వామి గుడి దగ్గరి రాతి స్తంభం మీదుంది.

అది కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం. సముద్ర వ్యాపారులను ఉద్దేశించి రాజు నేరుగా మాట్లాడతాడు. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి బయల్దేరిన ఓడ తుఫానులో చిక్కి, పగిలి, ఒడ్డుకు కొట్టుకొస్తే వెనకటి రాజులు అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ లాగేసుకునేవారట. తాను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ ముట్టనని చెబుతాడు. ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రమెక్కినవాళ్ల మీద దయతో, కీర్తి కోసం, పుణ్యం కోసం ఇలా చేస్తున్నానంటాడు. సుంకం ముప్పయికి ఒకటి. ఎగుమతికీ దిగుమతికీ అదే.

ఈ తీరంలో బతికినవాళ్లకు ఆ మాట విలువ వేరే చెప్పక్కర్లేదు. 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెన మా కళ్లముందు జరిగినంత దగ్గరిది. కార్తీకంలో వాయుగుండం పడిందంటే ఇప్పటికీ మత్స్యకారుల ఇళ్లలో ఎవరికీ నిద్ర ఉండదు. సరుకు పోగొట్టుకుని ఒడ్డున పడ్డ మనిషిని దోచుకోవడం తప్పని, ఎనిమిది వందల ఏళ్ల కిందటే ఒక రాజు రాతి మీద చెక్కించి చెప్పాడు. తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకోవలసిన పరిపాలనా పత్రాల్లో దీన్ని నేను మొదట పెడతాను.

స్తంభం మీద సరుకుల పట్టీ కూడా ఉంది: గంధం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగు దంతాలు, జవ్వాజి, రాగి, సీసం, పట్టునూలు, పగడాలు, మిరియాలు. గంధానికి ఒక రేటు, మిరియాలకు ఒకటి, వక్కలకు లక్షకు ఇంతని. వక్కలు లక్షల్లో లెక్క పెట్టారంటే ఆ రోజుల్లో ఇక్కడ ఎంత సందడి ఉండేదో ఊహించుకోవచ్చు.

సుమారు యాభై ఏళ్ల తరవాత మార్కోపోలో ఈ రేవును ముత్ఫిలి అని తన కథనంలోకి ఎక్కించాడు. భర్త పోయాక రాజ్యాన్ని న్యాయంగా ఏలుతున్న ఒక రాణి గురించి చెప్పాడు. ఆమె రుద్రమదేవే అని చరిత్రకారులు సాధారణంగా అంటారు. వజ్రాల గురించి అతను చెప్పిన గద్దల కథ కన్నా, సాలెగూడంత సన్నని నూలు బట్టలు ఇక్కడ నేస్తారన్న మాట నాకు ఎక్కువ ఇష్టం. చీరాల, వేటపాలెం మగ్గాలు ఇక్కడికి ఎంతో దూరం లేవు మరి.

కాకతీయులు పోయాక కొండవీటి అనపోతారెడ్డి 1358లో మళ్లీ శాసనం వేయించాడు. తెలుగుతో పాటు తమిళంలోనూ చెక్కించాడు, వచ్చే వర్తకులకు చదవడం రావాలి కదా. మోటుపల్లిలో కాపురముండటానికి వస్తే భూమి ఇస్తాం, వెళ్లాలనుకున్నప్పుడు ఆపం, సరుకు మీ ఇష్టమొచ్చినవాళ్లకు అమ్ముకోండి అని అందులో ఉంది. తరవాతి తరంలో అవచి తిప్పయ్యసెట్టి ఓడల్లో చీనా పట్టు, సింహళపు ఏనుగులు, హురుముంజి (హోర్ముజ్) గుర్రాలు తెప్పించేవాడు. శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చింది ఆయనకే.

తరవాతి కథ చప్పున అయిపోతుంది. 1424 ప్రాంతంలో కొండవీటి రెడ్డిరాజ్యం ముగిసింది. గోల్కొండ సుల్తానుల కాలానికి బందరు పెరిగింది. 1611లో ఇంగ్లీషువాళ్లు నిజాంపట్నంలో, బందరులో దిగారు, మోటుపల్లిలో ఆగలేదు. తెల్లవాళ్ల హయాంలో పెదగంజాం నుంచి మద్రాసు వైపు బకింగ్‌హామ్ కాలవ సాగింది. ఉప్పు, సరుగుడు కట్టెలు పడవల్లో వెళ్లేవి. రైలొచ్చాక కాలవా పడుకుంది.

రేవు పోయాక ఇక్కడి జనం ఇసుకలో ఏం తిని బతికారన్నది పుస్తకాల్లో తక్కువ దొరుకుతుంది. నాకు తెలిసింది దొరువు. ఇసుకలో వాలుగా తవ్విన గొయ్యి అది. ఒక పక్క నుంచి నడుచుకుంటూ దిగొచ్చు. ఎక్కువ లోతు తవ్వకముందే నీళ్లు ఊరతాయి, పాలలా తియ్యగా. వాన నీరు ఇసుకలో ఇంకి, అడుగునున్న ఉప్పునీటి మీద పొరగా నిలుస్తుంది. ఆశపడి లోతుకు పోతే ఉప్పు తగులుతుంది. ఎక్కడ ఆపాలో మా నాయన ఇసుక తడి చూసి చెప్పేవాడు.

నీళ్లు తోడే పని ఎక్కువగా ఆడవాళ్లది. చేతికొక కుండ పట్టుకుని దొరువులోకి దిగి, ముంచుకుని, పైకెక్కి, మొక్కల మీద చిలకరిస్తూ నడవాలి. ఇసుక నీళ్లను ఇట్టే పీల్చేస్తుంది గనక పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తప్పదు. మా అమ్మ అరచేతుల్లో కుండ అంచు ఒరుసుకుని కాయలు కాసి ఉండేవి. నేను బడి నుంచి రాగానే చిన్న కుండలు నావి. మిరపనారు, పొగాకునారు, ఆకుకూరలు, కనకాంబరాలు పెంచేవాళ్లం. వేరుశెనగ పీకే రోజుల్లో పిల్లలందరికీ పండగే. గాలిదుమారం వస్తే దొరువు సగం పూడిపోయేది, మళ్లీ తవ్వుకోవడమే.

ఇప్పుడు దొరువులు తగ్గిపోయాయి. మోటారు పెట్టి ఒక్కచోటి నుంచే గుంజితే తియ్యటి పొర పలచబడి ఉప్పు పైకొస్తుంది. 1990ల నుంచి తీరమంతా తవ్విన రొయ్యల చెరువులు ఆ బాధను పెంచాయి. బాపట్ల పరిశోధన కేంద్రం వాళ్లు దీనికి ఒక మార్గం చూపించారు: నీటి పొరలో అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచి, మధ్యలో ఒక బావిలోకి నీళ్లు ఊరనిచ్చి, పైపైన తోడుకోవడం. పాత దొరువు సూత్రమే అది, నడుము విరగ్గొట్టుకోకుండా. రొయ్యల చెరువులకు పెట్టిన పెట్టుబడిలో కొంత దీనికి పెట్టినా ఇసుక సేద్యం నిలుస్తుందని నా గట్టి నమ్మకం.

చీనా పింగాణీ పెంకులు ఈ ఇసుకలో దొరికాయి. వాటిని వెతుక్కుంటూ జపాన్ పండితులు కూడా వచ్చి వెళ్లారు. మన పిల్లలు మాత్రం పాఠ్యపుస్తకంలో మోటుపల్లి పేరు ఒక్క వాక్యంలో చదివి పరీక్ష రాస్తున్నారు. గణపతిదేవుడి శాసనాన్ని వాడుక తెలుగులో, పిల్లలకు అర్థమయ్యేలా ఈ చుట్టుపక్కల ప్రతి బడి గోడ మీదా రాయించాలి. దాని పక్కనే దొరువు బొమ్మ వేసి, తియ్యటి నీటి పొర ఎక్కడ ఆగుతుందో గీత గీసి చూపించాలి. రంగుల ఖర్చు నేను పెట్టుకుంటానని మా మండలంలో హెడ్మాస్టర్లను అడుగుతున్నాను.